మంచం మీద అలలు లెక్కించిన ఎలియట్

సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ వచ్చే బస్సు ఒక్క ఊపున పైకి రాదు. ఎక్కుతుంది, కాస్త దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. షేర్ల ధరల నడకా అలాంటిదేనని చెప్పినవారు రాల్ఫ్ నెల్సన్ ఎలియట్. రాయగడలోనూ జయపురంలోనూ ఫోనులో చార్టు తెరిచి ఆయన అలలు లెక్కపెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. అందుకే ఈసారి ఆయన కథ చెబుతున్నాం.

1871లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పుట్టారు. మెక్సికో, మధ్య అమెరికా రైలు కంపెనీల్లో పద్దులు చూస్తూ చాలా ఏళ్లు గడిపారు. 1924లో అమెరికా ప్రభుత్వం నికరాగువాకు ముఖ్య గణకుడిగా నియమించింది. తరవాత పేగుల జబ్బు ముదిరి, కాలిఫోర్నియా చేరి మంచాన పడ్డారు. అప్పటికి వయసు 58.

అసలు పని అక్కడే మొదలైంది. 75 ఏళ్ల మార్కెట్ సూచీలను ఏడాది, నెల, రోజు, గంట, చివరికి అరగంట లెక్కన కూడా గీసి చూశారు. మార్కెట్ నడిచే దిక్కుకు 5 అలలు, దానికి ఎదురుగా 3 అలలు కనిపించాయి. రెండో అల, మొదటిది మొదలైన చోటు దాటి వెనక్కి పోకూడదు. ఒకటి, మూడు, అయిదు అలల్లో మూడోది అతి చిన్నది కాకూడదు.

1935 మార్చి 13న, మార్కెట్ పడుతుండగా, పతనం ముగిసిందని చార్లెస్ కాలిన్స్‌కు టెలిగ్రాం కొట్టారు. మర్నాటి ముగింపు ధరే డౌ సూచీకి ఆ ఏటి కనిష్ఠం! 1938లో కాలిన్స్ సాయంతో ఆయన పుస్తకం వచ్చింది.

అయితే ఒకే చార్టు మీద ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా లెక్కపెడతారు. అయిపోయాక ఏ లెక్కయినా సరిపోతుంది. ఒక్క టెలిగ్రాం నిజమైందని పిల్లల ఫీజు డబ్బు పెట్టడం మాకు సమ్మతం కాదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో మూడేళ్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ 2024లో తేల్చింది.

ఎలియట్ 1946 నాటి పుస్తకంలో తన అలల్ని ఫిబొనాచీ సంఖ్యలకు ముడిపెట్టారు. ఇది మన తెలుగు మాస్టార్లకు కొత్త కాదు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. రెండు మాత్రలను 2 విధాలుగా, మూడింటిని 3, నాలుగింటిని 5, అయిదింటిని 8 విధాలుగా కూర్చవచ్చు. ఫిబొనాచీ కంటే ముందే విరహాంకుడు, హేమచంద్రుడు ఛందస్సు కోసం ఈ లెక్క కట్టారు. బల్ల మీద రాసి చూపించడానికి పది నిమిషాలు చాలు.

ఎలియట్ 1948 జనవరిలో కన్నుమూశారు.