మాదన్న మంత్రి

షాలిబండ హరిబౌలిలో అక్కన్న మాదన్నల గుడి ఉంది. బోనాలకు ఆ గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంటే చూడటానికి మా స్నేహితులమంతా పోతుంటాం. ఆ పేరు గల మాదన్న ఎవరో, చివరికి ఏమయ్యాడో నాకు మొన్నటిదాకా తెలియదు. సైన్సు చదివేవాడికి చరిత్ర ఎందుకని మిత్రులు నవ్వారు. నవ్వనీ.

మాదన్నది హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబమంటారు. గోల్కొండ కొలువులో సయ్యద్ ముజఫర్ అనే అమీరు దగ్గర లెక్కలు రాసే ఉద్యోగిగా ఉండేవాడు. 1672లో అబుల్ హసన్ తానీషాను గద్దెనెక్కించి, తాను మీర్ జుమ్లా అయినవాడు ఈ ముజఫరే. అయితే ప్రభువుకూ మంత్రికీ పొసగలేదు. రెండేళ్ళు తిరిగేసరికి ముజఫర్ పోయి, అతని కింద పనిచేసిన మాదన్నే మీర్ జుమ్లా అయ్యాడు. అన్న అక్కన్నకూ, బంధువులకూ పెద్ద పదవులొచ్చాయి. తరతరాలుగా పెత్తనం చేసిన అమీర్లకు ఇది కంటగింపు కాక ఏమవుతుంది?

రైతుబిడ్డను గనుక నాకు శిస్తు సంగతే ముందు కనబడుతుంది. గోల్కొండ రాజ్యంలో భూముల వసూలు హక్కును ఇజారాకిచ్చేవారు. ఎక్కువ పాడినవాడిదే ఇజారా. పాడిన సొమ్ము, దానిపైన తన లాభం, రెండూ రైతు దగ్గరే రాబట్టాలి. మా తాత పాత పట్వారీల గురించి చెప్పేవి వింటే అది ఎట్లా ఉండేదో ఊహకందుతుంది. ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించిన కంచెర్ల గోపన్న మాదన్నకు మేనల్లుడని చెప్తారు. అయినా జైలు తప్పలేదు!

1677లో శివాజీ హైదరాబాదు వచ్చాడు. ఔరంగజేబును ఎదిరించటానికి మరాఠాలతో పొత్తు కుదిర్చిన బుర్ర మాదన్నదే. ఢిల్లీవారికి అది మరవరాని నేరమైంది. 1685లో మొగలు సైన్యం హైదరాబాదును దోచింది, తానీషా కోటలోకి పారిపోయాడు. ఈ కష్టాలన్నిటికీ మాదన్నే కారణమన్నారు. అమీర్లు, అంతఃపుర స్త్రీలు కలిసి పన్నాగం పన్నారు. 1686లో గోల్కొండ వీధిలో అన్నదమ్ములిద్దరినీ నరికి చంపారు.

1381లో ఇంగ్లాండులో తలపన్ను మీద తిరగబడ్డ జనం ఛాన్సలర్ సడ్‌బరీ తల నరికి లండన్ వంతెన మీద పెట్టారు. అక్కడ చంపింది పన్ను కట్టలేని జనం. ఇక్కడ చంపించింది పదవి పోయిన పెద్దలు. మాదన్న తలను మొగలు శిబిరానికి పంపారు, దానితో ఔరంగజేబు శాంతిస్తాడని.

మరుసటి ఏడే ఔరంగజేబు వచ్చి కోటను ముట్టడించాడు. సుమారు ఎనిమిది నెలలకు, 1687 సెప్టెంబరులో, లోపలివాడే ఒకడు తలుపు తీశాడు. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా పోయాడు.