గిడుగు రామమూర్తి పంతులు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన శ్రీకాకుళము ప్రాంతమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో తండ్రి వీర్రాజుగారు గతించిరి. విజయనగరములో బంధువుల యింట నుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి యేడే పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి.

ఆ చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు నాడు లిపి లేదు, పుస్తకము లేదు. పంతులుగారు ఆ భాష యెరిగినవాని నొకని ఇంట నుంచుకొని, విని నేర్చుకొనిరి. పిదప తామే గూడెములకు పోయిరి. అడవులలో చలిజ్వరము పట్టుకొనెను. దానికై తరచు క్వినైను పుచ్చుకొనుటచే వినికిడి చెడిపోయెను.

వినుటయే పనిగా గలవానికి ఇంతకన్న పెద్ద దెబ్బ యుండునా? ఇట్టివేళ మనుష్యుడు నలుగురిలోనికి వచ్చుటకు జంకును. ఎవరు నవ్వినను తన్ను జూచియే నవ్వుచున్నారని తలచును. తుదకు గది విడిచి రాడు. పంతులుగారు ఆ దారి త్రొక్కలేదు. సవరల పాటలు, కథలు సేకరించుచునే యుండిరి. వారి పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు నడిపిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి.

పాఠ్యగ్రంథములలో వాడుకభాష యుండవలెనని ఆయన వాదింపగా పెక్కురు పండితులు ఎదిరించిరి. ఆయనకు కోపము రాలేదనుట సత్యము కాదు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము' అను గ్రంథనామమే ఆ వేడిని తెలుపును. అయినను ఆ కోపమును తిట్లుగా వృథా చేయలేదు. పూర్వుల గ్రంథములు, శాసనములు వెదకి ప్రయోగములు కుప్పలుగా ప్రోగుచేసి చూపిరి. 1919లో 'తెలుగు' అను పత్రికను నడిపిరి. తమ చరిత్రను ఇట్టి గ్రాంథికపు నడకలో చెప్పుట చూచినచో మాత్రము ఊరకుండెడివారు కారేమో!

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరెను. అట్లు కాకూడదని పంతులుగారు ఎంతయో పాటుపడియుండిరి. ఓటమి కలిగినది. డెబ్బది రెండేండ్ల వయస్సున, 56 ఏండ్లు మసలిన యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆ దుఃఖములోనే సవర నిఘంటువు పని ముందుంచుకొనిరి. కుమారుడు సీతాపతిగారు తోడైరి. 1938లో మదరాసు ప్రభుత్వము సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. 1940 జనవరి 22న పంతులుగారు కన్నుమూసిరి.