బిషప్పు అజరయ్యగారు

పదవి వేరు, అధికారము వేరు. పరప్రభుత్వపు దినములలో దేశీయునకు పదవి లభించుట అప్పుడప్పుడు సంభవించెడిది. పదవితోపాటు నిజమైన అధికారము లభించుట మాత్రము మిక్కిలి అరుదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెంటుపాలు దేవాలయమున వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులైరి. భారతీయుడు ఆంగ్లికను సంఘమున బిషప్పగుట అదియే ప్రథమము. ఆ గౌరవము అలంకారమాత్రమై పోక, నిజమైన నాయకత్వముగా నెట్లు పరిణమించెనో స్మరింపదగియున్నది.

అజరయ్యగారు జన్మచే తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి ప్రాంతమునందలి వెళ్లాలన్‌విళై యను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు గ్రామ సంఘమునకు గురువు. 1889లో ఆయన గతించిరి. కుమారుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టము పుచ్చుకొనలేదు. 1895 మొదలు క్రైస్తవ యువజన సమాజపు కార్యదర్శియై దక్షిణదేశమంతటను సంచరించెను.

1902లో యాళ్పాణమునకు బోయినప్పుడు అచ్చటి తమిళ క్రైస్తవులు స్వయముగా సాగించుచున్న మతప్రచారమును జూచి, తమవారు ఇంతకాలము పరులపై ఆధారపడి యుండుటకు ఆయన సిగ్గుపడిరి. మరుసటి సంవత్సరమే తిరునల్వేలి భారత మిషనరీ సమాజము వెలసెను. మనుష్యులు మనవారే, ధనము మనదే, నిర్వాహము మనదే యనునది దాని నియమము. ఆ సమాజము పనికి ఎన్నుకొన్న స్థలము నైజాము రాజ్యమందలి దోర్నకల్లు. ఇతరులను పంపి తాను ఇంట నుండుట తగదని తలంచి, 1909లో గురుపట్టము పొంది, అజరయ్యగారు తామే అచ్చటికి బోయిరి. ముప్పదియైదవ యేట తెలుగు నేర్చుకొనుటకు పూనిరి.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారు చేసిన ఉపన్యాసము ఐరోపీయులలో సంచలనము కలిగించెను. పాశ్చాత్య మిషనరీలు భారతదేశమునకై ధనమును దేహమును ధారవోసిరనుటను ఆయన కాదనలేదు. ఐనను స్వదేశీయ సహోద్యోగిని సమానునిగా నెంచి తమ యింట కూర్చుండబెట్టుకొనలేదనియు, భారతీయులు వారినుండి కోరునది స్నేహమే యనియు నిర్భయముగా చెప్పిరి. అది కొందరికి కంటగింపుగా నుండెను.

అట్టివానిని రెండేండ్లలోనే బిషప్పును చేయుట సులభసాధ్యము కాలేదు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుదలతో సమర్థింపకున్నచో అది నెరవేరకయే పోయియుండును. భారతీయుని యాజ్ఞకు ఆంగ్లేయ గురువులు లోబడుదురా యను సంశయము ఐరోపీయులలో నుండెను. స్వజనులలోను ఎదిరించినవారు లేకపోలేదు. తొలుత అప్పగించిన మండలము చిన్నది. పరీక్షార్థమై ఇచ్చిన పదవి వలె అది కనబడెను.

పరీక్షలో ఆయన నెగ్గిరనుటకు 1920 సంవత్సరమే సాక్షి. మద్రాసు మండలములోని తెలుగు ప్రాంతములు పెక్కు ఆ యేట దోర్నకల్లుతో కలుపబడెను; అచ్చట పనిచేయు ఐరోపీయ మిషనరీలు ఆయన పాలనము క్రిందికి వచ్చిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆ సంవత్సరమే గౌరవ పట్టమిచ్చెను. ఐనను ఆయన యెక్కువకాలము గడపినది సభామందిరములందు గాదు, మాలపల్లెలలో, మాదిగవాడలలో. బండి మీద ఊరూరు తిరిగి, చెట్లనీడల కూర్చుండి, ఉపదేశులకు బోధించి, తగవులు తీర్చెడివారు. మాల మాదిగల నడుమ నున్న పొరపొచ్చెములు సంఘములోనికి రాకుండ జూచుట నిత్యపరిశ్రమ యయ్యెను. 1930 తరువాతి సంవత్సరములలో ఆ మండలపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలను దాటెను.

ఈ మార్పిడులే గాంధీమహాత్మునకును ఆయనకును అభిప్రాయభేదము కలిగించెను. హరిజనులు మూకుమ్మడిగా మతము మార్చుకొనుట ఆత్మవికాసము కాదని మహాత్ముని తలంపు. అతి దీనునకును అంతరాత్మ కలదనియు, తన మార్గమును తాను ఎన్నుకొను హక్కు వానికిని కలదనియు అజరయ్యగారి తలంపు. ఈ వివాదమున ఎవరి పక్షము వహించినను, పాఠకులు ఒక సంగతి మరువరాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గము లిచ్చుటను ఈ బిషప్పుగారు వ్యతిరేకించిరి. మతసంఘము రాజకీయపు కక్షగా మారిన యెడల దాని ధర్మము చెడునని వారు నమ్మిరి. సంఖ్య పెరుగుచున్న కాలమున సంఖ్యాబలముచే రాగల లాభమును వలదనుట సామాన్యము కాదు.

1919లో తరంగంబాడిలో సమావేశమైన వివిధ శాఖల గురువులతో కూడి, దక్షిణదేశపు సంఘములన్నియు ఏకము గావలెనను ప్రయత్నమునకు ఆయన పునాది వేసిరి. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయము హిందూ మహమ్మదీయ శిల్పరీతులను కలుపుకొని నిలిచెను. సంఘైక్యము 1947 సెప్టెంబరులో సిద్ధించెను గాని దానిని చూచుటకు ఆయన లేరు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులోనే కన్నుమూసిరి.

విచారింపదగిన విషయ మొక్కటి కలదు. అభిషేకము మొదలు మరణము వరకు, ముప్పదిరెండేండ్లపాటు, స్వంత మండలము గల భారతీయ ఆంగ్లికను బిషప్పు ఆయన యొక్కరే. ఒక తలుపు తెరచి, రెండవవాడు రాకుండ మూసిన వారిదే ఆ దోషము. ఆయన మాత్రము తెరచిన తలుపునొద్ద కావలి కూర్చుండక, లోనికి బోయి పల్లెజనులను తోడ్కొని వచ్చిరి. తమిళదేశమున బుట్టి, తెలుగు పల్లెల భాషలో మాటలాడి, తెలుగు నేలపై తనువు చాలించిన ఈ మహనీయుని తెలుగువారు మనవాడని చెప్పుకొనుటకు సంకోచింప నక్కరలేదని మా యభిప్రాయము. పుట్టిన చోటు చెప్పునది వంశమును మాత్రమే. పాటుపడిన చోటు మనుష్యుని చెప్పును.