మరల విద్యార్థినియైన పండిత

అపొల్లో బాగుగా చదువుకొన్నవాడు, గొప్ప మాటకారి. అట్టివాడు ఎఫెసులో అకుల ప్రిస్కిల్లలయొద్ద కూర్చుండి తనకు తెలియని సంగతులు నేర్చుకొనెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. వారో, రోమా విడిచి రావలసివచ్చి, డేరాలు కుట్టుకొని బ్రదుకువారు. ఏమియు రానివాడు పలక పట్టుట సులభమే. విద్వాంసుడని పేరుపడినవాడు మరల పలక పట్టవలెనన్న మనస్సు ఒప్పదు. ఈ నెల మనము తలంచుకొను పండిత రమాబాయి రెండుసార్లు అట్లు పలక పట్టెను.

ఆమె 1858లో పడమటి కనుమల అడవిలో పుట్టెను. తండ్రి అనంతశాస్త్రి కులాచారమును లెక్కచేయక భార్యకు సంస్కృతము నేర్పెను. ఆ తల్లి కూతురికి నేర్పెను. క్షేత్రములు తిరుగుచు ఆ కుటుంబము మన తిరుపతి కొండకును వచ్చినది. కరవులో తలిదండ్రులును అక్కయు చనిపోగా, రమాబాయి అన్నతోకూడ కాలినడకను దేశము తిరిగి 1878లో కలకత్తా చేరెను. అక్కడి విద్వాంసులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. అప్పటికి ఆమెకు ఇరువది యేండ్లే. 1880లో అన్న చనిపోయెను, ఆ యేడే వివాహము. 1881లో మనోరమ పుట్టెను. 1882లో భర్త చనిపోయెను.

చంటిబిడ్డతో ఆ విధవరాలు 1883లో ఇంగ్లండుకు ఓడ యెక్కెను. తాను మరాఠీలో వ్రాసిన పుస్తకపు సొమ్మే ఓడ ఖర్చుకు ఉపయోగపడెను. వైద్యము చదివి మన దేశపు స్త్రీలకు మేలు చేయవలెనని ఆమె ఆశ. వాంటేజి అను ఊరిలో సిస్టర్లయొద్ద ఉండి, సెప్టెంబరు 29న బిడ్డతోకూడ బాప్తిస్మము పొందెను. అయితే చెవులు సరిగా వినబడకపోవుటచేత వైద్యవిద్య సాధ్యపడలేదు. ఇంతదూరము వచ్చినది ఇందుకేనా అని మనమైతే సణుగుకొనియుందుము.

1884లో ఆమె చెల్టన్‌హామ్ స్త్రీల కళాశాలలో చేరెను. అక్కడ సంస్కృతము బోధించుచు, గణితము, ప్రకృతిశాస్త్రము, ఇంగ్లీషు చదువుకొనెను. ఒక గంట గురువు, మరొక గంట శిష్యురాలు. పరాయి భాష, సగము వినబడని పాఠము, చలిదేశము. మనోరమను చాల కాలము వాంటేజిలోనే విడిచియుండవలసివచ్చెను. గొప్పవారి జీవితములు చెప్పునప్పుడు ఈ సంగతి మనము త్వరగా దాటిపోవుదుము. తల్లులైన సహోదరీలు దాటిపోలేరు.

చెప్పినదంతయు తల వంచుకొని ఒప్పుకొను విద్యార్థినియు కాదామె. పురుషులకు ఆమె పాఠము చెప్పుట తగదని కొందరు బిషప్పులు అభ్యంతరపెట్టిరి. సంఘ సిద్ధాంతములనుగూర్చి సిస్టర్లతో ఉత్తరములలో గట్టిగా వాదించెను. ఆమె వాదము అంతటిని మనము ఒప్పుకొననక్కరలేదు. అన్నము పెట్టినవారియెదుటనైనను మనస్సాక్షిని దాచుకొనలేదని మాత్రము చెప్పవలెను.

1886లో అమెరికా వెళ్లి, చిన్నపిల్లలకు పాఠములు చెప్పు క్రొత్త పద్ధతులు నేర్చుకొనెను. 1889లో తిరిగివచ్చి బొంబాయిలో శారదాసదనము తెరచెను. తరువాత కేడ్‌గావ్‌లో వెలసిన ముక్తి ఆశ్రమము, కరవులో ఆమె చేరదీసిన బాలికలు, ఇవి మన సంఘములలో అనేకులు వినినవే.

రెండవసారి పలక పట్టినది నలుబది అయిదు దాటిన తరువాత. మరాఠీ బైబిలులోని సంస్కృత పదములు పల్లెటూరి స్త్రీలకు అర్థమగుట లేదని ఆమెకు తోచెను. సంస్కృతములో బిరుదులు పొందినది ఆమెయే! సులభమైన మాటలలో తానే తర్జుమా చేయ పూనుకొని, మూలము చదువుటకై హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొనెను. వందలమంది పోషణభారము మీదనుండగానే ఈ పని ఏండ్లతరబడి సాగెను. 1921లో మనోరమ చనిపోయెను. బిడ్డను పాతిపెట్టిన ఆ తల్లి మరల అచ్చుప్రతులయొద్ద కూర్చుండెను. వాటిని దిద్దుట ముగించి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించెను.

ఆ బైబిలు 1924లో వెలువడెను. అచ్చు అక్షరములు కూర్చినవారును, అచ్చు యంత్రము నడిపినవారును ముక్తి ఆశ్రమపు స్త్రీలే.