లారే : గడియలు లెక్కించిన శస్త్రవైద్యుడు

నెపోలియన్ పేరు ఎరుగని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఆయన గెలిచిన యుద్ధములను పరీక్షల కొరకైనా అందరము చదివినాము. అయితే ఆ యుద్ధభూములలో గాయపడి నేలకొరిగిన వేలాది సైనికులు ఏమైనారన్న విషయము మన పాఠ్యపుస్తకములలో కానరాదు. దానిని వెదకబోగా మాకు తారసపడినది దొమినిక్ జాఁ లారే అను శస్త్రవైద్యుని జీవితము. అంబులెన్సుకు ఆద్యుడని లోకము ఆయనను కీర్తించును. అది న్యాయమే. కాని ఆ బండి ఎందుకు అంత వేగముగా పోవలెనో ఆయన గ్రహించిన తీరు మమ్ము ఇంకను ఎక్కువగా ఆకర్షించినది.

లారే 1766వ సంవత్సరము జూలై మాసములో ఫ్రాన్సు దేశపు దక్షిణమున, పిరెనీస్ పర్వతముల ఒడిలోని బోదియాఁ గ్రామమున జన్మించినాడు. పదమూడేండ్లకే తల్లిదండ్రుల నీడ లేనివాడై, తులూజ్ నగరములో శస్త్రవైద్యుడుగా నున్న పినతండ్రి అలెక్సీ వద్ద చేరి ఆ విద్య నేర్చినాడు. కొంతకాలము నౌకాదళములో పనిచేసి, పారిస్‌లో దెసో అను ప్రసిద్ధ వైద్యునికి శిష్యుడైనాడు. గాయములో చచ్చిన కండను కోసి తీసివేయవలెనన్న పాఠము ఆ గురువు వద్ద లభించినదే. 1792లో లారే రైన్ సైన్యములో చేరినాడు.

అప్పటి సైనిక నియమము వినుటకే విడ్డూరముగా ఉండును. వైద్యబృందము సైన్యమునకు ఒక లీగు దూరమున, అనగా సుమారు నాలుగు కిలోమీటర్ల వెనుక నిలువవలెను. యుద్ధము ముగిసిన పిదపనే క్షతగాత్రులను పోగుచేయుట. ఒక్కొక్కప్పుడు ఇరువది నాలుగు గంటలు, ముప్పది ఆరు గంటలు గడచిపోయెడివి. ఈ ఆలస్యమును పండితులు కొందరు శాస్త్రముతో సమర్థించిరి కూడ. కాలు చేయి నుగ్గయినవానికి వెంటనే శస్త్రము చేయరాదనియు, శరీరము కొంత కోలుకొనువరకు కొన్ని వారములు ఆగుట మేలనియు వారి వాదము. ఫ్రెంచి శస్త్రవైద్య అకాడమీ ఈ వాదమునకు బహుమానమే ఇచ్చినది. ఇంగ్లండులో జాన్ హంటర్ వంటి మేధావియు వేచియుండుటనే సమర్థించినాడు. వారు మూర్ఖులు కారు. కాని ఆగినవారిలో బ్రతికి బయటపడినవారిని వారు లెక్కించిరి. ఆ నిరీక్షణలోనే గతించినవారిని లెక్కలో చేర్చలేదు. మా అభిప్రాయములో పొరపాటు అక్కడనే ఉన్నది.

లారే యుద్ధభూమిలో చూచినది వేరు. గాయము తగిలిన తొలి గంటలలో అవయవము మొద్దుబారి ఉండును, మనిషి ధైర్యముతో ఉండును. ఒక దినము గడచునప్పటికి జ్వరము, వాపు, చీము, ఆపైన కుళ్ళు. కావున ఛేదింపక తప్పని అవయవమును మొదటి ఇరువది నాలుగు గంటలలోపల ఛేదింపవలెనని ఆయన నిశ్చయించుకొన్నాడు. అట్లు చేసినవారిలో నలుగురిలో ముగ్గురు బ్రతికిరని ఆయన చెప్పుకొన్న లెక్క. 1803లో పారిస్‌లో డాక్టరు పట్టమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథమునకును ఇదే విషయము.

గడియలు ముఖ్యమైనప్పుడు బండియు ముఖ్యమే కదా! గుఱ్ఱములు లాగు తేలిక ఫిరంగులు యుద్ధభూమిలో ఇటునటు పరుగిడుట చూచి, ఆ విధమైన బండ్లనే క్షతగాత్రులకు కట్టించినాడు. మైదానములకు రెండు చక్రములవి, కొండనేలలకు నాలుగు చక్రములవి. ఇవే ‘ఎగిరే అంబులెన్సులు’. ఈజిప్టులో గుఱ్ఱములు చాలనప్పుడు ఒంటె కిరుప్రక్కల పెట్టెలు కట్టి వాటిలో గాయపడినవారిని పరుండబెట్టినాడు. ముందుగా ఎవరికి చికిత్స అన్నచో, గాయము తీవ్రముగా ఉన్నవానికి. అతడు సేనానియా, సిపాయియా, శత్రువా అన్న విచారణ లేదు.

ఇక గాంగ్రీన్ విషయము. కుళ్ళు వ్యాపించుచుండగా కత్తి పట్టరాదనియు, అది తనంతట ఆగి, చచ్చిన కండకును బ్రతికిన కండకును నడుమ గీత ఏర్పడువరకు ఓపిక పట్టవలెననియు గ్రంథములు బోధించెడివి. లారే ఇచట ఒక భేదము చూపినాడు. శరీరములోని లోపలి కారణముచేత పుట్టిన గాంగ్రీన్‌కు ఆ నియమము సరిపోవును. దెబ్బ వలన పుట్టినదానికి సరిపోదు. అది ఆగువరకు చూచినచో రోగి దక్కడు. కావున గీత కొరకు చూడక, కుళ్ళునకు పైభాగమున, ఆరోగ్యముగా నున్నచోట వెంటనే ఛేదింపవలెనని తన సైనిక శస్త్రవైద్య స్మృతులలో గట్టిగా వాదించినాడు. ఆ గ్రంథము 1812లో వెలువడనారంభించినది. పెద్దల మాటను కాదనుట ఆ దినములలో చిన్న సాహసము కాదు.

సూక్ష్మజీవుల సంగతి లారేకు తెలియదు. మత్తుమందు లేదు, చేతులు శుద్ధి చేసికొను ఆచారము లేదు. కారణము తెలియకయే ఆయన పట్టుకొన్న సత్యమునకు కారణము నేడు మనకు తెలియును. కండరములపై నుండు పొరవెంట వ్యాపించు తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో బాక్టీరియా విషములచే సన్నని రక్తనాళములు గడ్డకట్టి మూసికొనిపోవును. రక్తము చేరనిచోటికి యాంటీబయాటిక్ మందు ఎట్లు చేరును? అందుచేత మందుతోపాటు కత్తియు కావలెను. పైచర్మము మామూలుగా కనిపించుచుండగా నొప్పి మాత్రము భరింపరానిదిగా ఉండుట దీని మాయ. మందు కట్టి రేపు చూతమని ఇంటిలో కూర్చుండు షుగరు రోగులు ఈ మాయకు లోనగుదురు. 2020లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారము ఆసుపత్రి చేరిన ఆరు గంటలలోపల శస్త్రచికిత్స జరిగినవారిలో నూటికి 19 మంది, ఆపైన ఆలస్యమైనవారిలో నూటికి 32 మంది మరణించిరి. అయితే నేడు అవయవమునంతటిని తీసివేయుట చివరి మార్గము. చచ్చిన కండను మాత్రము తొలగించి, మరునాడు మరల పరీక్షించి, అవసరమైనచో మరల తొలగింతురు.

ఈజిప్టు దండయాత్రకు మరల వత్తము. 1799లో అబూకిర్ యుద్ధమున జనరల్ ఫ్యుజియేర్ చేతికి ఫిరంగి గుండు తగులగా, భుజపు కీలువద్ద ఛేదించి ఆయనను బ్రతికించినాడు. సిరియాలో సైనికుల గాయములలో ఈగ పురుగులు చేరినప్పుడు అందరును అసహ్యించుకొనగా, లారే నిదానించి చూచినాడు. పురుగులు చచ్చిన కండనే తినుచున్నవి, బ్రతికినదాని జోలికి పోవుటలేదు! 1807లో ఐలౌ మంచునేలపై, గడ్డకట్టిన పాదములను మంటవద్ద కాచుకొన్నవారికే గాంగ్రీన్ పుట్టుట గమనించినాడు. మంచుతో రుద్దుమని ఆయన చెప్పిన సలహా మాత్రము పొరపాటని తరువాత తేలినది.

ఆయన పద్ధతి ప్రతిసారి జయించలేదు. 1809లో ఎస్లింగ్ వద్ద మార్షల్ లాన్ కాలును వెంటనే ఛేదించినను ఆ మిత్రుడు కొన్ని దినములకే కన్నుమూసినాడు. 1812లో బొరొదినో యుద్ధమున ఒక్క అహోరాత్రములో సుమారు 200 ఛేదనములు చేసెనందురు. కత్తికి మరీ తొందరపడెడివాడని ఆక్షేపించినవారు ఉన్నారు. అందులో కొంత నిజము లేకపోలేదు. కాని అతుకుల బండ్లపై వారాల ప్రయాణము, చివరకు కిక్కిరిసిన ఆసుపత్రి — ఇవి తప్ప వేరు గతిలేని సిపాయికి ఆయన ఏమి చేయగలడో ఆలోచింపవలెను.

సిపాయిలు ఆయనను ఎంత ప్రేమించిరో బెరెజినా నది దాటునప్పుడు తెలిసినది. త్రొక్కిసలాటలో ఆయనను గుర్తించి తలలమీదుగా చేతులు మార్చి ఆవలి గట్టునకు చేర్చిరి. మరుసటి యేడు బౌట్జెన్ యుద్ధానంతరము, చేతులు గాయపడిన రెండు వేల పైచిలుకు యువసైనికులు తమను తామే కాల్చుకొన్నారని నేరము మోపబడగా, లారే ఒక్కొక్కరి గాయమును పరీక్షించి వారు నిర్దోషులని చక్రవర్తికి నివేదించినాడు. 1815లో వాటర్లూ వద్ద ప్రష్యనులకు చిక్కి, తుపాకులకు బలి కాబోవు సమయమున, తన ఉపన్యాసములు వినిన వైద్యుడొకడు గుర్తించుటచే విడుదల పొందినాడు. నెపోలియన్ తన మరణశాసనములో తానెరిగినవారిలో ఇతనిని మించిన సజ్జనుడు లేడని మెచ్చి లక్ష ఫ్రాంకులు వ్రాసి ఇచ్చినాడు.

1842లో, డెబ్బది ఆరేండ్ల వయసున, అల్జీరియాలోని సైనిక ఆసుపత్రులను తనిఖీ చేసి తిరిగివచ్చుచు లియోన్ నగరములో జూలై 25న మరణించినాడు. చిత్రకారిణియైన భార్య అంతకు మూడు దినముల ముందే మరణించినది. పారిస్ శ్మశానములో నూట యేబది ఏండ్లున్న ఆయన అస్థికలను 1992లో సైనికుల పుణ్యస్థలమైన ఇన్వాలీడ్‌కు తరలించిరి. నెపోలియన్ సమాధియు అక్కడనే ఉన్నది.