బీపీకి సరైన మందుల్లేని రోజుల్లో...

ఫ్రాంక్లిన్‌ రూజ్‌వెల్ట్‌ పేరు మీరు వినే ఉంటారు. అమెరికా అధ్యక్షుడిగా నాలుగుసార్లు ఎన్నికైన ఏకైక నేత. 1921లో, 39 ఏళ్ల వయసులో కాళ్లు చచ్చుబడ్డాయి. వైద్యులు పోలియో అన్నారు. అయినా ఆయన కుంగిపోలేదు. చివరికి ఆయన్ను పడగొట్టింది అధిక రక్తపోటు.

1944 మార్చిలో గుండె నిపుణుడు హోవర్డ్‌ బ్రుయెన్‌ పరీక్షించేసరికి బీపీ 186/108. గుండె పెద్దదైంది, దాని పనితీరు మందగించింది. ఇప్పటిలా బీపీని అదుపు చేసే మంచి మాత్రలు అప్పుడు లేవు. డిజిటాలిస్‌ ఇచ్చారు. ఉప్పు, సిగరెట్లు తగ్గించి, విశ్రాంతి తీసుకోమన్నారు. గుండె కాస్త కుదుటపడింది గానీ బీపీ లొంగలేదు. ప్రజలకు మాత్రం ఆరోగ్యం బాగానే ఉందని చెప్పారు.

1945 ఏప్రిల్‌ 12న జార్జియాలోని వార్మ్‌ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ఎదుట కూర్చుని ఉండగా, తల వెనక విపరీతంగా నొప్పిగా ఉందంటూ ఒరిగిపోయారు. అప్పుడు బీపీ 300/190. మెదడులో రక్తస్రావమైంది. కొద్ది గంటల్లోనే కన్నుమూశారు. వయసు 63 ఏళ్లే.

ఈ కథ మీకెందుకంటే, మెడలోని కెరోటిడ్‌ ధమని పూడుకుపోయి స్టెంట్‌ వేయించుకున్నవారు మీ ఇంట్లో ఉండొచ్చు. రూజ్‌వెల్ట్‌ది వేరే సమస్యే. కానీ ఇక్కడా బీపీయే కీలకం. రక్తం చాలక మెదడులోని చిన్న రక్తనాళాలు ఎన్నాళ్లుగానో వెడల్పుగా సాగి ఉంటాయి. స్టెంట్‌తో దారి తెరుచుకోగానే, సన్నటి ధారకు అలవాటుపడిన పంటకాలువకు ఒక్కసారిగా గేట్లెత్తినట్టు రక్తం పోటెత్తుతుంది. నాళాలు వెంటనే కుంచించుకోలేవు. దీన్నే హైపర్‌పెర్ఫ్యూజన్‌ సిండ్రోమ్‌ అంటారు. అరుదే గానీ, బీపీ కూడా ఎక్కువగా ఉంటే మెదడు వాచొచ్చు, రక్తస్రావమూ కావొచ్చు.

ఇది ఎక్కువగా మొదటి కొద్దిరోజుల్లో, ఒక్కోసారి నెలలోపు వస్తుంది. స్టెంట్‌ వేసిన వైపు తలనొప్పి, కంటిచుట్టూ నొప్పి, ఫిట్స్‌, తికమక, మాట తడబడటం, చేయీ కాలూ బలహీనపడటం వంటివి కనిపిస్తే నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో రోజూ బీపీ చూసి రాసిపెట్టండి. డాక్టర్‌ చెప్పకుండా బీపీ మాత్రలు గానీ, రక్తాన్ని పలుచబరిచే మందులు గానీ మానొద్దు. ఒక దేశాధ్యక్షుడికే దొరకని మందులు ఇప్పుడు మీ వీధి చివర దుకాణంలో ఉన్నాయి. వేళకు వేసుకోవడమే మీ వంతు.