ఒంటరి సీమలో మన్రో దొర



హోసూరు నుండి కృష్ణగిరికి వెళ్లు దారిలో నేడు కర్మాగారములు, అంగళ్లు ఎన్నో ఉన్నవి. అయినను సొంత ఊరు విడిచి కొలువు కొరకు వచ్చిన మొదటి దినములలో ఈ బండకొండల మధ్య మనకు కలిగిన ఒంటరితనము మనము మరువలేదు. రెండు వందల ఏండ్లకు పూర్వము ఈ సీమలో తిరిగిన సర్ థామస్ మన్రో జీవితమును ఈసారి జ్ఞాపకము చేసికొందము.

ఆయన 1761 మే 27న గ్లాస్గో నగరములో పుట్టారు. అమెరికా యుద్ధము వలన తండ్రి వ్యాపారము దెబ్బతిన్నది. కంపెనీ సైన్యములో చేరి 1780లో మద్రాసు వచ్చారు. తన జీతములోనుండి తల్లిదండ్రులకు డబ్బు పంపేవారు. ఈ సంగతి మనలో అనేకులకు క్రొత్త కాదు.

1792లో టిప్పు సుల్తాను బారామహలును కంపెనీకి వదలుకొన్నాడు. కృష్ణగిరి, ధర్మపురి అందులోనివే. హోసూరు 1799 వరకు మైసూరు క్రిందనే ఉన్నది. కలెక్టరు అలెగ్జాండర్ రీడ్ క్రింద మన్రో ఏడేండ్లు పనిచేశారు. సైన్యములు త్రొక్కిన నేల అది. కొండలు, అడవులు, వాటి నడుమ దూరదూరముగా పల్లెలు. తన జాతివారు బహు కొద్దిమంది. పొలము పొలము కొలిపించి, రైతుల మాట వింటూ తిరిగారు. ధర్మపురిలో ఒక తోట వేసికొన్నారు. 1799లో దానిని విడిచిపోవుట ఆయనకు కష్టమైనది.

1800 నుండి 1807 వరకు బళ్లారి, అనంతపురం, కడప సీమలలో గుడారములలోనే ఎక్కువ కాలము గడిపారు. ఆయన పని కంపెనీకి శిస్తు రాబట్టుట. ఆ శిస్తు రైతుకు భారమే. అయితే రైతుల స్థితి కన్నులార చూచినందున, 1807లో నాలుగవ వంతు తగ్గించవలెనని వ్రాశారు. పైవారు ఒప్పుకొనలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై దానిని అమలుచేశారు.

1827లో ఆ సీమను కడసారి చూడబోయి, జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. అక్కడివారు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు.

ఎరుగని సీమ ఊరకే మనదగునా? దాని పొలము గట్లపై నడిచి, అక్కడివారి కష్టము విన్నవానికి అది పరాయిది కాదు. మన వీధికి నిన్న వచ్చిన క్రొత్త కుటుంబము తలుపు మనలో ఎవరము తట్టితిమి?